కోడికాళ్ళ దయ్యం, ఇద్దరమ్మాయిలు: ఈ నవల ఇట్లనే చదివేయొచ్చా?

మెట్రో_రీడర్
ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద 120కి ఒక ఇంగ్లీష్ నవల దొరికింది, పేరు ఇప్పుడే చెప్పను, సగంలో ఉన్నా, మీరు స్పాయిలర్లు పెట్టేస్తారు. 1909 న్యూయార్క్, జాకెట్లు కుట్టే ఫ్యాక్టరీలో ఇద్దరు యూదు అమ్మాయిలు, ఒకరంటే ఒకరికి ప్రాణం, ఊరి నుంచి వాళ్ళ మూటలోనే వచ్చేసిన ఒక దయ్యం. మస్తుంది. మియాపూర్‌లో ఎక్కి తల ఎత్తకుండా చదువుతూ అమీర్‌పేట దాటిపోయా. కానీ అడుగడుగునా ఇడ్డిష్ మాటలు, కింద అర్థాలు లేవు, పైగా దయ్యానికి కోడికాళ్ళు ఎందుకో సమజ్ కాలే. ఇవన్నీ తెలుసుకుని చదవాలా, ఇట్లనే పోవచ్చా?

తెనాలి_పిల్ల
కోడికాళ్ళు కొత్తగా పుట్టించినవి కాదండీ, యూదుల పాత ధర్మగ్రంథం తాల్ముద్‌లోనే ఉంది. దయ్యాలు తిరుగుతున్నాయో లేదో తెలియాలంటే రాత్రి మంచం చుట్టూ జల్లించిన బూడిద చల్లాలట, పొద్దున్నే చూస్తే కోడిపుంజు అడుగుల్లాంటివి కనిపిస్తాయట. మన దయ్యాలకి పాదాలు వెనక్కి తిరిగుంటాయి కదా, అలా అనుకోండి. మా అమ్మమ్మకి చెప్తే "మరి ఆ బూడిదంతా ఎవరు ఊడుస్తారే" అంది 😂 యూదులంటే మరీ అంత దూరం కూడా కాదు, మా వైపు చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే యూదులున్నారు, బెనె ఎఫ్రాయిమ్ అంటారు.

చార్మినార్_చాయ్
అర్థాల కోసం ఆగకు భాయ్. ఇడ్డిష్ అంటే జర్మన్‌కి దగ్గరి భాష, రాసేది హీబ్రూ లిపిలో, మధ్యలో హీబ్రూ మాటలు. పాతబస్తీలో పెరిగినోడికి ఈ కలగలుపు కొత్తేం కాదు, దక్కనీ మనకి ఎవడన్నా డిక్షనరీ ఇచ్చి నేర్పిండా? రెండు మూడు సార్లు వినపడితే అదే ఎక్కుతది. కానీ నీ నవల జరిగే ఏడాదే అక్కడ పెద్ద సమ్మె అయింది, ఆ సంగతి మాత్రం చదువు, 1909 నవంబర్‌లో దాదాపు 20,000 మంది కుట్టుపనివాళ్ళు నిజంగానే పని బంద్ పెట్టిన్రు, ఎక్కువమంది యూదు అమ్మాయిలే, క్లారా లెమ్లిచ్ అనే పిల్ల మీటింగ్‌లో లేచి ఇడ్డిష్‌లో మాట్లాడితే మొదలైంది. 1911 మార్చి జోలికి మాత్రం ఇప్పుడే పోకు, అక్కడ చరిత్రే స్పాయిలర్.

నీలిగొడుగు
నేను కొంచెం వేరేలా చెప్తా. క్వీర్ నవల, అంటే స్వలింగ ప్రేమ లాంటి కథ, అనగానే అమ్మానాన్నల ముందు ఏడుపు సీను ఒకటి తప్పకుండా ఉంటుంది, చదివి చదివి విసుగొచ్చింది, మన ఇళ్ళల్లో ఉన్నది చాలదా. ఇలాంటి వాటిలో దయ్యం ఉంటుంది, అద్దె ఉంటుంది, యూదుల ఇళ్ళల్లో శుక్రవారం సాయంత్రం వెలిగించే కొవ్వొత్తులుంటాయి, ప్రేమ వాటి మధ్యలో తన పని తాను చేసుకుపోతుంది. అసలు ఆ పాత యూదు ధర్మశాస్త్రంలోనే ఆడా మగా కాకుండా అంద్రోగినోస్, తుమ్‌తుమ్ అని వేరే మాటలున్నాయి, వాళ్ళకి ఏ నియమం వర్తిస్తుందని పేజీలకి పేజీలు వాదించుకున్నారు. మనకి శిఖండి కథ చిన్నప్పుడే చెప్పేస్తారు, పెద్దయ్యాక మాత్రం స్వలింగ సంబంధాలు నేరం కాదన్న 377 తీర్పు గురించి ఇంట్లో ఎత్తితే టీవీ సౌండు పెంచుతారు. సరేగానీ, నీ నవల్లో వాళ్ళిద్దరూ బయటోళ్ళకి ఏమని చెప్పుకుంటారు?

మెట్రో_రీడర్
చిన్నమ్మ పెద్దమ్మ పిల్లలమని. ఇంటి ఓనరమ్మ నమ్మింది, దయ్యం ఒక్కటే నవ్వుతది. బూడిద సీను ఇప్పుడే వచ్చింది తెనాలి అక్కా, ఊడ్చింది కూడా అదే 😭