దారం ఉండలు కొరికేస్తున్న కుక్కపిల్ల, పాప కాలికి పంటి గాట్లు: ఏం చేయాలి?

లేసు అల్లే అమ్మ, నరసాపురం దగ్గర

నమస్కారమండి. మాది నరసాపురానికి దగ్గర్లోని పల్లె. ఇంట్లో లేసు అల్లి ఇస్తుంటాను. నెల కిందట పక్కింటి పశువుల పాకలో కుక్క పెట్టిన పిల్లల్లో ఒకదాన్ని మా పాప తెచ్చుకుంది. అప్పటికి దానికి 40 రోజులు. బెల్లం రంగులో గుండ్రంగా ఉందని బూరె అని పేరు పెట్టాం.

మధ్యాహ్నం అరుగు మీద చాప పరుచుకుని అల్లికకు కూర్చుంటే చాలు, దారం ఉండ ఎత్తుకుపోతుంది. మొన్న నాలుగు రోజుల పని చాప కిందికి లాక్కెళ్లి ముద్ద చేసింది. అది పోతే మళ్లీ అల్లుకుంటాను. పాప సంగతే నా బాధ. ఆరేళ్ల పిల్ల బడి నుంచి రాగానే బూరె తన పరికిణీ అంచు పట్టుకుని వేలాడుతుంది, పిక్కలు కొరుకుతుంది. నిన్న రెండు చోట్ల రక్తం వచ్చింది. మా అత్తగారు సున్నం రాశారు. ఎంతో ఇష్టపడి తెచ్చుకున్న పిల్లను చూసి పాప ఇప్పుడు మంచం దిగడం లేదు.

దారానికి కారం పూయమని ఒకరు చెప్పారు. ఇలాగే పెరిగితే ఇది కరిచే కుక్క అవుతుందా?

పశువైద్యశాలలో పనిచేసి విరమణ పొందినవాడిని, భీమవరం

అమ్మా, కుక్క సంగతి తర్వాత. ముందు పాపను ఈ రోజే ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఆ సున్నం కడిగేయండి. సబ్బు రాసి, ధారగా పడే నీటి కింద 15 నిమిషాలు కడగాలి. సున్నం, పసుపు, కాఫీ పొడి ఏవీ పెట్టకూడదు. రక్తం వచ్చిందని డాక్టరుకు తప్పకుండా చెప్పండి, గాయంలోనే వేసే మందు కూడా అవసరమేమో ఆయన చూస్తారు. సూదులు ఒక్కటితో ఆగవు, ఆసుపత్రిలో చెప్పిన తేదీలన్నిటికీ వెళ్లాలి. తల్లికుక్క వీధిలో తిరిగేదే కదా. ఇంట్లో పిల్లే అని ఊరుకోకండి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషిని దక్కించుకోలేం. బూరెకు మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా వేయించండి. మిగతా టీకాలకు అంతవరకూ ఆగకుండా ఇప్పుడే పశువైద్యశాలకు తీసుకెళ్లండి.

ఇక దారం. మీరు పని పోయిందని బాధపడుతున్నారు, నాకు దాని కడుపు గురించి భయంగా ఉంది. మింగిన దారం ఒక కొస నాలుక కిందో కడుపులోనో చిక్కుకుంటే, రెండో కొస పేగుల్లోకి జారుతుంది. బొందు లాగితే లంగా నడుము కుచ్చులు పడినట్లు పేగు ముడుచుకుపోతుంది, తెగుతుంది కూడా. వాంతులు, తిండి మానేయడం, పొట్ట ముట్టుకోనివ్వకపోవడం కనిపిస్తే ఆలస్యం చేయకండి. నోట్లో నుంచి గానీ వెనక నుంచి గానీ దారం వేలాడుతుంటే మాత్రం లాగకండి. అలాగే తీసుకెళ్లండి. దారం, సూది మూత ఉన్న డబ్బాలో పెట్టుకోవడం ఈ రోజు నుంచే మొదలుపెట్టండి.

కొబ్బరి రైతు, రాజోలు

పెద్దాయన చెప్పినవన్నీ ముందు చేయండి. కొరకడం గురించి నేను చెబుతాను. మా తోటలో చాలా పిల్లలు పెరిగాయి.

40 రోజులకే తల్లిని వదిలింది, అదీ కారణం. తోడబుట్టిన వాటితో ఆడుకుంటున్నప్పుడు గట్టిగా కొరికితే రెండోది కీచుమని ఆట ఆపేస్తుంది. ఎంత గట్టిగా పట్టాలో పిల్ల అలాగే నేర్చుకుంటుంది. కనీసం రెండు నెలలు తల్లి దగ్గరే ఉంచాలని అందుకే అంటారు. ఆ చదువు ఇప్పుడు మీరు చెప్పాలి. పన్ను తగలగానే ఆట ఆపండి. చేయి విదిలించకండి, పరుగెత్తకండి. కదిలేదాన్ని పట్టుకోవడం దానికి ఆట. అర నిమిషం తలుపు అవతలికి వెళ్లి రండి. ఇంట్లో అందరూ ఒకేలా చేయాలి. ఒకరు నవ్వి చేయి అందిస్తే మొదటికొస్తుంది.

పాపకు చెట్టులా కదలకుండా నిలబడడం నేర్పండి. మీరు పక్కన లేకుండా ఇద్దరినీ వదలకండి.

కొరకడానికి దానికంటూ ఒకటి ఉండాలి. పాత తువ్వాలుకు గట్టి ముడులు వేసి, తడిపి, ఫ్రిజ్‌లో గడ్డ కట్టించి ఇవ్వండి. చిగుళ్లకు హాయిగా ఉంటుంది. పీచులు ఊడుతుంటే తీసేయండి. మన వైపు కొబ్బరి చిప్ప, మామిడి టెంక పడేస్తుంటారు. చిప్పతో పళ్లు విరుగుతాయి, టెంక పేగుకు అడ్డం పడుతుంది. ఉడికించిన ఎముకలు అసలే వద్దు.

ఇంకొకటి: సాయంత్రం ఆరు గంటలకు పూనకం వచ్చినట్లు కొరుకుతుంటే చాలాసార్లు అది నిద్ర చాలకే. మసక వెలుగులో గోనెసంచి పరిచి పడుకోబెట్టి చూడండి.

పాలకొల్లు నుంచి

మూతి మీద రెండు తగిలిస్తే తెలిసొస్తుంది. మేమలాగే పెంచాం.

కొబ్బరి రైతు, రాజోలు

అలా పెంచినదొకటి మా ఇంట్లోనే ఉండేది. చేయి లేస్తే నక్కేది. రెండేళ్లకు, అన్నం గిన్నె తీయబోయిన మా నాన్న చేతినే కరిచింది. గుర్ర్ మనడం కూడా మానేసి నేరుగా కరిచింది. దయచేసి కొట్టకండి.

లేసు అల్లే అమ్మ, నరసాపురం దగ్గర

ఆరు వారాలైంది. అందరికీ ఒకేసారి చెబుతున్నాను. పాపకు సూదులన్నీ పూర్తయ్యాయి. బూరెకూ రేబిస్ టీకా వేయించాను.

మొదటి వారం ఏ మార్పూ లేదు, ఏడుపొచ్చింది. పదో రోజున నా చెయ్యి నోట్లో పెట్టుకుని, నేను కదలకుండా ఆగగానే తనే వదిలి నాకింది. ఇప్పుడు తువ్వాలు ముడి తనే తెచ్చి నా ఒడిలో పడేస్తుంది. దారం పాత బిస్కెట్ల డబ్బాలో ఉంటోంది. పరికిణీ కనిపిస్తే మాత్రం ఇంకా ఆగలేదు. అందుకే బడి నుంచి రాగానే పాపకు ముందు గౌను మారుస్తున్నాను.

నిన్న ఆ ముడిలో బియ్యపు గింజంత తెల్లటిది గుచ్చుకుని కనిపించింది. పాలపన్ను! పెద్దాయనా, నాలుగు నెలలకు పళ్లు ఊడడం మామూలేనా?

విరమణ పొందినవాడిని, భీమవరం

మామూలే తల్లీ. పాలపళ్లు 28 ఊడి, ఆరేడు నెలలకల్లా 42 వస్తాయి. అందాకా కొరుకుడు కాస్త పెరగొచ్చు, తడి తువ్వాలు మానకండి. కొత్త పన్ను వచ్చినా పాల కోరపన్ను ఊడకుండా పక్కనే నిలిచిపోతే చూపించండి.

లేసు అల్లే అమ్మ, నరసాపురం దగ్గర

చాలా సంతోషమండి. పాప ఆ పన్నును తన పన్నులాగే పెంకుల మీదికి విసిరి వచ్చింది.