ఎస్సీ కాలనీ ఎదురు భూమికి జోన్ మారుస్తున్నారు, అభ్యంతరం ఇప్పుడే పెట్టాలా?

ఔటర్ అవతలి ఊరు:
మా ఎస్సీ కాలనీ చివరి ఇళ్లకు ఎదురుగా ఉన్న భూమిని కన్జర్వేషన్ జోన్ (ఎక్కువగా వ్యవసాయానికి ఉంచినది) నుంచి మాన్యుఫ్యాక్చరింగ్ జోన్‌కు (ఫ్యాక్టరీలు పెట్టుకునేది) మారుస్తామని పేపర్లో ప్రకటన వచ్చింది. మందుల ముడిసరుకు కంపెనీల కోసమట. కాలుష్య పరిశ్రమల్ని హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు బయటికి పంపాలని 2013లో జీవో 20 ఇచ్చారు. సిటీ జనానికి మంచి గాలి కావాలి, కాదనను. కానీ ఔటర్ బయట కూడా మనుషులే ఉన్నారు కదా! కాలనీ అంతా బోరు నీళ్లే తాగుతుంది. "ఇది జోన్ మార్పే, ఫ్యాక్టరీ వచ్చేటప్పుడు ప్రజాభిప్రాయ సేకరణ ఉంటుంది, అప్పుడు చెప్పుకోండి" అంటున్నారు పెద్దమనుషులు. నాకు టెన్షన్‌గా ఉంది. ఇప్పుడే రాయాలా? ఏం రాయాలి?

పటాన్‌చెరు పాతకాపు:
తమ్ముడూ, అప్పటిదాకా ఆగొద్దు. 2006 ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ ఏడో పేరా చూడు. పర్యావరణ అనుమతి ఉన్న ఇండస్ట్రియల్ పార్కు లోపల పెట్టే యూనిట్లకు ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదు. రేపు అక్కడ పార్కు వచ్చిందంటే, ఆ తర్వాత ఏ కంపెనీ వచ్చినా మిమ్మల్ని అడిగే పని లేదు. కొట్లాడాల్సింది జోన్ దగ్గరే.

"కాలుష్యం వస్తుంది" అని ఒక్క ముక్క రాస్తే పక్కన పడేస్తారు. సర్వే నంబర్లు, చివరి ఇంటికి ఎంత దూరం, బోర్లు ఎక్కడ, అంగన్‌వాడీ ఎక్కడ, వాన నీళ్లు ఎటు పారతాయి, ఇవన్నీ నక్షా గీసి పెట్టండి. బోరు నీళ్లు ఈ వారమే ల్యాబులో పరీక్ష చేయించి రిపోర్టు దాచుకోండి. మా నక్కవాగు కాలుష్యం మీద 1990లో సుప్రీంకోర్టులో వేసిన కేసు ఏళ్లకేళ్లు నడిచి గ్రీన్ ట్రిబ్యునల్‌కు చేరింది. అలాంటి చోట, ముందు నీళ్లు ఎట్లా ఉండేవో చూపే కాగితానికి చాలా విలువ ఉంటుంది.

ఎడిసన్ నుంచి:
న్యూజెర్సీలో దీనికి 2020లో చట్టమే చేశారు. 35 శాతం తక్కువ ఆదాయ కుటుంబాలు లేదా 40 శాతం మైనారిటీలు ఉన్న చోట చెత్త కాల్చే ప్లాంటు లాంటిది పెట్టాలంటే, ఆ జనం మీద ఇప్పటికే ఉన్న భారమంతా లెక్కలోకి తీసుకోవాలి. మిగతా చోట్ల కంటే అది ఎక్కువైతే కొత్తదానికి పర్మిట్ ఇవ్వకూడదు, తప్పనిసరి ప్రజావసరం ఉంటే తప్ప. మీ అభ్యంతరంలోనూ చుట్టుపక్కల ఇప్పటికే ఉన్న యూనిట్ల జాబితా పెట్టండి. మొత్తం భారం చూడమని అడగండి.

ఔటర్ అవతలి ఊరు:
థాంక్సన్నా. కాలనీలో కొందరికి ఇంటి పట్టాలు లేవు. వాళ్లు సంతకం పెట్టొచ్చా?

పటాన్‌చెరు పాతకాపు:
పెట్టొచ్చు, పట్టాతో పనిలేదు. ఎవరి కాగితం వాళ్లు విడిగా ఇస్తే ఇంకా మంచిది. హెచ్ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) ఆఫీసులో ఇన్‌వర్డ్ స్టాంపు వేయించుకుని నకలు తెచ్చుకోండి. ప్రకటనలో గడువు తేదీ ఎప్పుడో ముందు చూడు.