సెల్ఫ్ తిరుగుతోంది, ఇంజన్ అందుకోవడం లేదు: ఈసీఎం మార్చినా అదే తీరు

ప్రశ్న (లారీ యజమాని)

అందరికీ నమస్కారం. నాది 24 వోల్టుల కామన్ రైల్ (ఇంజెక్టర్లన్నిటికీ ఒకే గొట్టం నుంచి ఎక్కువ ప్రెషర్‌తో డీజిల్ అందించే) డీజిల్ లారీ. నెలన్నర క్రితం మొదట ఉదయం పూట మాత్రమే మొరాయించేది. సెల్ఫ్ చక్కగా తిరిగేది కాని ఇంజన్ అందుకునేది కాదు; తాళం నాలుగైదుసార్లు తిప్పి, ఆన్‌లోనే కాసేపు ఉంచి మళ్ళీ కొడితే ఏమీ జరగనట్టు స్టార్ట్ అయ్యేది. రానురాను ఆ కాసేపు పది నిమిషాలయింది, అరగంటయింది. ఇప్పుడు పది రోజులుగా పగలూ రాత్రీ తేడా లేకుండా అసలు స్టార్ట్ కావడమే మానేసింది.

డీజిల్ ఫిల్టర్లు మార్చి గాలి తీశాం. క్రాంక్ సెన్సర్, మెయిన్ రిలే కొత్తవి వేశాం. బండి కంప్యూటర్లతో మాట్లాడే స్కానర్ పెడితే ఏబీఎస్ (బ్రేకుల కంప్యూటర్) పలుకుతోంది, మీటర్ బోర్డు పలుకుతోంది, ఇంజన్ కంప్యూటర్ (ఈసీఎం) ఒక్కటే పలకడం లేదు. ఈసీఎం పోయిందని నిర్ణయించుకుని, అదే పార్ట్ నంబరున్న సెకండ్‌హ్యాండ్ పెట్టె తెచ్చి, పాతదాని డేటా అందులోకి కాపీ చేయించి బిగించాం. అయినా అదే తీరు. రెండు పెట్టెలూ ఒకేలా పోవడం జరగదని, తప్పు వైరింగ్‌లోనే ఉందని, ఇంజన్ హార్నెస్ (తీగల కట్ట) మొత్తం మార్చాలని ఎలక్ట్రీషియన్ గారు అంటున్నారు. అంత పని పెట్టుకునే ముందు తేల్చుకోవలసినవి ఏమైనా ఉన్నాయా?

జవాబు (ఆటో ఎలక్ట్రీషియన్)

హార్నెస్ జోలికి ఇప్పుడే వెళ్ళకండి. మీ ఎలక్ట్రీషియన్ గారి తర్కం వినడానికి బాగానే ఉంది కాని, రెండో పెట్టె మంచిదన్న నమ్మకం మీద అది నిలబడి ఉంది. ఆ పెట్టె ఏ బండిలోంచి ఎందుకు బయటికి వచ్చిందో మనకు తెలియదు కదా. వైరింగ్ తప్పా, పెట్టె తప్పా అన్నది ఈసీఎం కప్లర్ (తీగలు తగిలించే ప్లగ్గు) దగ్గర మల్టీమీటర్ పెడితేనే తేలుతుంది.

ముందుగా కరెంటు, ఎర్త్ చూడండి. అయితే మీటర్ ఒక్కదాన్నే నమ్మవద్దు. తీగలోని పోగులన్నీ తెగి ఒకే ఒక్క పోగు మిగిలినా మీటర్ 24 వోల్టులు చూపిస్తుంది, ఎందుకంటే మీటర్ లాగే కరెంటు దాదాపు శూన్యం. ఇండికేటర్‌లో వాడే 24 వోల్టుల 21 వాట్ల బల్బు ఒకటి తీసుకుని, ఈసీఎంకు కరెంటు ఇచ్చే ప్రతి పిన్నుకూ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య, ఆ తర్వాత బ్యాటరీ పాజిటివ్‌కూ ప్రతి ఎర్త్ పిన్నుకూ మధ్య పెట్టి వెలిగించండి. బల్బు ఒక ఆంపియర్‌కు కాస్త తక్కువ లాగుతుంది. ఆ స్థితిలో ఎర్త్ పిన్నుకూ బ్యాటరీ నెగటివ్ పోస్టుకూ మధ్య 0.1 వోల్టు, మహా అయితే 0.2 వోల్టు కంటే ఎక్కువ రాకూడదు. తాళం ఆన్ చేయగానే ఈసీఎంను మేల్కొలిపే సన్న తీగలో వోల్టేజీ వస్తోందో లేదో కూడా చూడండి. అది రాకపోతే ఎంత మంచి పెట్టె అయినా నిద్రలేవదు. కప్లర్ రంధ్రాల్లో లావుపాటి ప్రోబులు గుచ్చకండి. పిన్నులు వదులై, లేని తప్పు కొత్తగా పుట్టుకొస్తుంది.

అవన్నీ సరిగ్గా ఉంటే అసలు పరీక్ష 5 వోల్టులది. సెన్సర్లకు వెళ్ళే ఈ 5 వోల్టులను ఈసీఎం తనలోనే తయారుచేసుకుంటుంది. రైల్ ప్రెషర్ సెన్సర్ కప్లర్ ఊడదీసి, తాళం ఆన్ చేసి కొలవండి. తక్కువగా ఉంటే మిగతా సెన్సర్లను ఒక్కొక్కటిగా ఊడదీస్తూ మీటర్ చూడండి. ఏది ఊడదీసినప్పుడు 5 వోల్టులు తిరిగొస్తాయో ఆ సెన్సరో దాని తీగో షార్ట్ అయిందన్న మాట. కొన్ని బళ్ళలో ఒకే ఒక్క సెన్సర్ ఈ లైనును కిందికి లాగేసి ఇంజన్ కంప్యూటర్ మొత్తాన్నీ మూగబోయేలా చేస్తుంది. యాక్సిలరేటర్ పెడల్ సెన్సర్‌ను చాలామంది మరిచిపోతారు, అది క్యాబిన్ వైపు కప్లర్‌లోంచి వస్తుంది. అన్నీ ఊడదీసినా, ఇంజన్ వైపు కప్లర్‌నే తీసేసినా, ఈసీఎం పిన్ను దగ్గరే 5 వోల్టులు లేకపోతే తప్పు పెట్టె లోపలే ఉంది.

జవాబు (డీజిల్ మెకానిక్)

సెకండ్‌హ్యాండ్ పెట్టె అనగానే ఇమ్మొబిలైజర్ (తాళాన్ని గుర్తుపట్టకపోతే ఇంజన్‌ను స్టార్ట్ కానివ్వని ఏర్పాటు) సంగతి గుర్తొస్తుంది. అయితే తాళాన్ని గుర్తుపట్టని ఈసీఎం కూడా సాధారణంగా స్కానర్‌తో మాట్లాడుతుంది, ఫలానా కారణంతో ఆపానని కోడ్ కూడా చెబుతుంది. మీది పలకడమే లేదు కాబట్టి ఇది ఆ జబ్బు కాదు. డీజిల్ వైపు కూడా ఇప్పుడు వెతకవద్దు. రైల్‌లో ఎంత ప్రెషర్ లేస్తోందో చెప్పవలసిన కంప్యూటరే నోరు విప్పనప్పుడు పంపునూ ఇంజెక్టర్లనూ అనుమానించి ఏం లాభం?

బ్యాటరీ తీగలు తీసేసి, స్కానర్ తగిలించే డయాగ్నస్టిక్ కప్లర్‌లో క్యాన్ లైన్లు (బండిలోని కంప్యూటర్లు మాట్లాడుకునే తీగలు) రెండింటి మధ్య ఓమ్‌లు కూడా కొలవండి. రెండు చివర్లా చెరొక 120 ఓమ్‌ల రెసిస్టర్ ఉంటుంది కాబట్టి దాదాపు 60 రావాలి. 120 వస్తే ఒక కొస తెగినట్టు.

లారీ యజమాని

మీరిద్దరూ చెప్పినట్టే ఎలక్ట్రీషియన్ గారిని పక్కన పెట్టుకుని చేశాం. కరెంటు పిన్నుల్లో 25.1 వోల్టులు, బల్బు నిండుగా వెలిగింది. ఎర్త్ దగ్గర తేడా 0.06 వోల్టు. మేల్కొలిపే తీగ సరిగ్గా ఉంది. సెల్ఫ్ కొడుతున్నప్పుడు బ్యాటరీలు 20.4 కంటే కిందికి దిగలేదు. క్యాన్ 61 ఓమ్‌లు.

5 వోల్టుల దగ్గర కథ మారింది. పాత ఈసీఎం పెడితే, ఇంజన్ వైపు కప్లరూ పెడలూ ఊడదీసినా 0.4 వోల్టే. రెండోది తెల్లవారుజామున 1.9 చూపించింది. ఎలక్ట్రీషియన్ గారికి ఏం తోచిందో గాని, హెయిర్ డ్రయ్యర్ తెచ్చి ఆ పెట్టె మీద పది నిమిషాలు వేడిగాలి పట్టారు. మేము మీటర్ వైపే చూస్తూ నిలబడ్డాం. 1.9 నుంచి 2.6, ఒక్కసారిగా 4.98. వెంటనే స్కానర్ పలికింది, సెల్ఫ్ కొట్టగానే ఇంజన్ అందుకుంది. ఆపి మళ్ళీ కొడితే మళ్ళీ స్టార్ట్ అయింది. మూడు గంటల తర్వాత, చల్లారాక, మళ్ళీ మూగనోము.

జవాబు (ఈసీఎం రిపేర్ పనివాడు)

మీ కేసు ఇప్పుడు బెంచి మీదికి వచ్చేసింది. వేడెక్కితే పనిచేసి చల్లబడితే ఆగిపోయే పెట్టెలో నేను మొదట చూసేది పవర్ సప్లై భాగంలోని ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లనే (వోల్టేజీని నిలకడగా ఉంచే చిన్న భాగాలు). వాటిలోని ద్రవం ఏళ్ళ తరబడి ఇంజన్ వేడికి ఆరిపోతూ వస్తుంది. ఆరేకొద్దీ వాటి లోపలి నిరోధం పెరుగుతుంది, చలిలో ఇంకా పెరుగుతుంది. అప్పుడు 24 వోల్టులను 5 వోల్టులుగా మార్చే సర్క్యూట్ నిలదొక్కుకోలేదు. తాళం ఆన్‌లో కాసేపు ఉంచితే స్టార్ట్ అయ్యేదని రాశారే, ఆ కాసేపట్లో పెట్టె తనను తానే వెచ్చబెట్టుకునేది. రెండు పెట్టెలూ ఒకేలా పోతాయా అన్న ప్రశ్నకు నా జవాబు, పోతాయనే. ఒకే మోడల్, ఇంచుమించు ఒకే వయసు, ఒకే చోట ఒకే రకం కెపాసిటర్. మీ పాతది ఆ దారిలో ఇంకాస్త ముందుకు వెళ్ళింది, అంతే.

మూడో సెకండ్‌హ్యాండ్ పెట్టె కొనవద్దు. మీ సొంత పెట్టెనే బాగుచేయించండి. తాళం డేటా, ఇంజెక్టర్ కోడ్లు అందులోనే ఉన్నాయి. చేసేవారు కెపాసిటర్లు మార్చి ఊరుకోకుండా, కారిన ద్రవాన్ని కడిగి, కింది రాగి గీతలు తినేసిందేమో భూతద్దంతో చూడాలి. పెట్టె తిరిగి బిగించే ముందు ఇంజెక్టర్ల తీగలు కూడా కొలవండి. సోలెనాయిడ్ ఇంజెక్టర్ అయితే కాయిల్ ఒక ఓమ్ లోపే ఉండడం మామూలు, ఇంజన్ బాడీకి మాత్రం ఏ మాత్రం కలవకూడదు. అక్కడ షార్ట్ ఉంటే బాగుచేసిన పెట్టె మొదటి రోజే మళ్ళీ పోవచ్చు.

లారీ యజమాని

పాత పెట్టెను బాగుచేయించాను. రెండు కెపాసిటర్లు కారాయట, వాటి కింద ఒక గీత పూర్తిగా తినేసి ఉంది, 5 వోల్టుల రెగ్యులేటర్ కూడా మార్చారు. బిగించే ముందు ఇంజెక్టర్లు కొలిస్తే అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అయితే మూడో ఇంజెక్టర్ తీగ ఒక క్లాంపు వెనక ఒరుసుకుని, గోరంత మేర రాగి కనబడుతోంది. ఇంకా బాడీకి తగలలేదు. దానికి స్లీవు తొడిగి, క్లాంపు జరిపి కట్టాం.

వరుసగా నాలుగు ఉదయాలు చల్లటి ఇంజన్ మీదే చూశాను. ప్రతిసారీ సెల్ఫ్ రెండు చుట్లు తిరగకముందే అందుకుంది. హార్నెస్ విప్పలేదు. రెండో పెట్టెను కూడా వాళ్ళకే ఇచ్చి వచ్చాను, తెరిచి చూశాక అందులో ఏముందో ఇక్కడే రాస్తాను.