వెబ్ పేజీల్లో కదిలే బొమ్మలు ఆడించే ఫ్లాష్ పోయాక పాత వెబ్ కళాఖండాలు, పరిశోధన పత్రికలు ఎవరైనా తెరవగలిగారా?

నత్తగుల్ల:
పదేళ్ల క్రితం నెట్ కళ మీద రాసిన నా వ్యాసంలోని పాదసూచికలు మొన్న మళ్లీ నొక్కి చూశాను. ఇరవై ఒకటిలో పదమూడు తెరుచుకోలేదు. ఎక్కువ బాధపెట్టింది వెక్టర్స్. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుంచి 2005లో మొదలైన పత్రిక అది. అందులో ఫ్లాష్‌తో చేసిన వ్యాసం చదవడమంటే తెర మీద కదపడం, నొక్కడం, దారి వెతుక్కోవడం. వాదనంతా ఆ కదలికలోనే ఉండేది. నేను ఉదహరించినవాటికి ఇప్పుడు పేరు కనిపిస్తోంది, దాని కింద బూడిదరంగు పెట్టె.

వెన్నెలపిట్ట:
అడోబీ 2020 డిసెంబరు 31న ఫ్లాష్‌ను వదిలేసింది కదండీ. ఫ్లాష్‌లా నటించి పాత ఫైళ్లను ఆడించే రఫుల్ అనే ఎమ్యులేటర్ వేసుకుని చూడండి. నాకు చిన్న యానిమేషన్లు బాగానే ఆడాయి. సర్వరు నుంచి సమాచారం తెచ్చుకునేవి మాత్రం కదలలేదు. గరిటె దొరికింది, వంటింటికి తాళం.

పాతకాపు:
విచిత్రం చూడండి. నెట్ కళాకారిణి ఓలియా లియాలినా 1996లో చేసిన ‘మై బాయ్‌ఫ్రెండ్ కేమ్ బ్యాక్ ఫ్రం ది వార్’ నిన్న రాత్రి శుభ్రంగా తెరుచుకుంది! నల్లటి తెర. నొక్కినకొద్దీ అది ముక్కలవుతుంది, యుద్ధం నుంచి వచ్చినవాడికీ ఆమెకూ మధ్య మాటలు ఆ ముక్కల్లో ఇరుక్కుంటాయి. అన్నీ మామూలు హెచ్‌టీఎంఎల్ ఫ్రేములు, జిఫ్ బొమ్మలే. తొమ్మిదేళ్లు చిన్నదైన వెక్టర్స్ మంచాన పడింది, ఇది తిరుగుతూనే ఉంది.

నత్తగుల్ల:
తిరుగుతోంది, నిజమే. కానీ నేను దాన్ని మొదట నెమ్మదిగా నడిచే డయలప్ కనెక్షన్ మీద చూశాను. నొక్కాక బొమ్మ గీతలు గీతలుగా దిగేది. ఆ ఆలస్యంలో ఆమె జవాబు కోసం నేనూ ఎదురుచూసేవాణ్ని. ఇప్పుడు రెప్పపాటులో అంతా వచ్చేస్తోంది. నా లెక్కలో మిగిలింది సగమే.

మెట్టవేదాంతి:
కదిలే వ్యాసాల మోజు నాకు మొదటినుంచీ లేదు. 1991లో భౌతికశాస్త్రవేత్త పాల్ గిన్స్‌పార్గ్ మొదలుపెట్టిన పరిశోధన పత్రాల సైటు ఆర్కైవ్ (arXiv)లో ఆనాటి భౌతికశాస్త్ర పత్రాలు ఇవాళ్టికీ చదువుకోవచ్చు. ఉత్త అక్షరాలు, సమీకరణాలు కాబట్టే. పత్రానికి ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య, డీఓఐ, ఉంటే భయం లేదనుకుంటారు. అది ఇంటిదాకా దారి చూపుతుంది, అంతే. ఇంట్లో మనిషి ఉన్నాడో లేడో దానికి అనవసరం.

వెన్నెలపిట్ట:
ఉత్త అక్షరాలకైనా భరోసా ఏముంది, వేదాంతి గారూ? 2001లో దాచుకున్న ఒక తెలుగు పేజీ తెరిస్తే తలమీద చుక్కలున్న రోమన్ అక్షరాలు, డిగ్రీ గుర్తులు! అన్ని భాషల అక్షరాలకూ ఒకే సంకేతాలిచ్చే యూనికోడ్‌కు ముందు ఒక్కో సైటుది ఒక్కో ఫాంటు కదా. 1998లో మొదలైన ఈమాట వెబ్ పత్రిక పాత సంచికలు యూనికోడ్‌లో ఉండబట్టే వెతికితే దొరుకుతున్నాయి.

పాతకాపు:
నేనిప్పుడు ఉదహరించే ముందే పేజీని, వెబ్ పేజీల నకళ్లు దాచే వేబ్యాక్ మెషీన్‌లో భద్రం చేస్తున్నాను. నొక్కితే మారే పేజీలకు అది చాలదు, వాటికి వెబ్‌రికార్డర్. మనం నడిచిన దారినే అది దాస్తుంది, కాబట్టి ఓపిగ్గా ప్రతి మూలా నొక్కాలి. నాకు ఒక కళాఖండానికే పూట పట్టింది.

నత్తగుల్ల:
రఫుల్‌లో రెండు తెరుచుకున్నాయి, ఒకదానికి శబ్దం లేదు. పదమూడు కాస్తా పదకొండయ్యాయి. ఇంతకీ పాదసూచికలో ‘చూసిన తేదీ’ అని ఏది వేయాలి: పదేళ్ల నాటిదా, మూగగా ఆడిన ఇవాళ్టిదా?