కారు డోరు బీడింగ్, క్లాడింగ్ ఇంటి దగ్గరే మార్చుకున్నవాళ్లు చెప్పండి

నాగావళి గట్టు:
ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర ఆటో రాసుకుని పోయింది. ఎడమ వైపు ముందు డోరు బీడింగ్, అదే డోరు మీద అడ్డంగా అంటించే పట్టీ, సగం ఊడి వేలాడుతోంది. వెనక చక్రం మీదున్న క్లాడింగ్, అదే నల్ల ప్లాస్టిక్ తొడుగు, ఒక చివర లేచిపోయింది. రేకుకి సొట్ట లేదు, గీత లేదు. షాపుకి వెళితే రెండూ మార్చి డోరు మొత్తం రంగెయ్యాలంటున్నారు. గీతే లేనప్పుడు రంగు దేనికి? సామాను కొనుక్కుని నేనే వేసుకుంటాను. పాత జిగురు దేంతో తీశారు, క్లాడింగ్‌ని పట్టి ఉంచే క్లిప్పులు విడిగా దొరుకుతాయా, బీడింగ్ అంటించే టేపు మన ఎండకి ఆగుతుందా, ఇవి చెప్పండి చాలు.

కళింగపట్నం లైట్‌హౌస్:
బావూ, జిగురు సంగతి తరవాత. ముందు ఆ క్లాడింగ్ పూర్తిగా పీకి లోపల చూడు. మా బండిది తీస్తే పిడికెడు తడి ఇసక రాలింది. క్లిప్పు కన్నం చుట్టూ రంగు పొక్కి, గోరు పెడితే ఎర్రగా పొడి. పైనుంచి చూస్తే బండి నిగనిగలాడుతోంది! సముద్రం గాలి తగిలే ఊళ్లలో తుప్పు ఇలగే దాక్కుని తింటాది. ఎమిరీ పేపరుతో లోహం కనపడే వరకూ రుద్ది, ప్రైమరు, దాని మీద టచప్ రంగు వేసి, పూర్తిగా ఆరాకే కొత్త క్లిప్పు కొట్టు. డోరు కింద అంచున నీళ్లు పోయే కన్నాలుంటాయి, అవి మూసుకుపోయాయేమో పుల్ల పెట్టి చూడు.

పలాస పప్పు:
జిగురుకి కిరసనాయిలు. గుడ్డ తడిపి కాసేపు అద్ది ఉంచితే ముద్దలాగ వచ్చేస్తాది. మా నాన్న జీపు దగ్గర్నుంచి నా వేగనార్ వరకూ ఇదే. ఒక్క బీడింగూ ఊడలేదు.

బొబ్బిలి వీణ:
దయచేసి కిరసనాయిలు వాడకండి. దాని జిడ్డు కంటికి కనపడకుండా రేకు మీద ఉండిపోతుంది, దాని మీద ఏ టేపూ నిలవదు. నేను మా డిజైర్‌కి రెండు వైపులా నేనే మార్చాను. హెయిర్ డ్రయ్యర్‌తో బీడింగ్‌ని వెచ్చబెట్టి, చేపల గాలం దారం వెనక దూర్చి రంపంలాగ అటూ ఇటూ లాగితే నురుగు టేపు తెగిపోతుంది. రంగుకి ఇనుము తగలదు. స్క్రూడ్రైవర్ పెట్టి ఎత్తారో, అక్కడే గీత పడుతుంది. రేకు మీద మిగిలిన జిగురుని మళ్లీ వెచ్చబెట్టి బొటనవేలితో దొర్లిస్తే ఉండలుగా వచ్చేస్తుంది. చివర్లో ఐసోప్రొపైల్ ఆల్కహాలు, నీళ్లు సగం సగం కలిపి, పీచు రాని గుడ్డతో తుడవాలి. తుడిచాక ఆ చోట చెయ్యి పెట్టకూడదు, వేలి జిడ్డు చాలు టేపుని చెడగొట్టడానికి.

పలాస పప్పు:
డ్రయ్యరూ, ఆల్కహాలూ, గాలం దారమూ! బీడింగుకేనా, ఆపరేషనుకా? మే నెల మధ్యాన్నం బండిని ఎండలో పెడితే డ్రయ్యరు పని ఎండే చేస్తాది. కిరసనాయిలుతో ఊడిపోయిన బీడింగ్ ఒక్కటి చూపించండి.

బొబ్బిలి వీణ:
మా వీధిలోనే ఉంది. మెకానిక్ కిరసనాయిలుతో తుడిచి అంటించాడు, మొదటి వానకే చివర లేచింది. పైగా అది ఇప్పుడు దొరకడమే కష్టం. ఊళ్లో ఏ మందుల షాపులో అడిగినా స్పిరిట్ సీసా ఇస్తారు, దాన్ని వదిలేసి కిరసనాయిలు కోసం వెతకడం ఎందుకు?

పలాస పప్పు:
మీ మెకానిక్‌కి చేతకాలేదు, అది కిరసనాయిలు తప్పు కాదు. నేను తరవాత సర్ఫు నీళ్లతో కడిగి, ఎండలో ఆరబెట్టి, స్పిరిట్ దూదితో తుడిచాకే అంటిస్తాను.

బొబ్బిలి వీణ:
మరి ఆ మాట ముందు చెప్పాలి కదండీ! కొత్తవాళ్లు సగం చదివి సగం చేస్తారు. మీ టేపుని నిలబెట్టింది సర్ఫూ స్పిరిటూ.

పలాస పప్పు:
సర్ఫు పెట్టి కడగాలని చిన్నపిల్లలకి కూడా తెలుసు. ప్రతిదీ విడమరిచి చెప్పాలేటి?

సాలూరు బాడీ వర్క్స్:
ఇద్దరూ ఆగండి. సాలూరు లారీ షెడ్లలో పుట్టి పెరిగినవాణ్ణి, రేకు పని, రంగు పని నాకు ఒకళ్లు నేర్పక్కర్లేదు. కిరసనాయిలు రాసిన చోట డ్రయ్యరూ హీట్ గన్నూ పెట్టొద్దు, నిప్పంటుకుంటుంది. థిన్నరు అసలే వద్దు. కంపెనీ రంగు మీద ఒక్కోసారి ఏమీ కాదు, ఇదివరకు టచప్ చేసిన చోట రంగుతో సహా లేచి వచ్చేస్తుంది.

ఇంకొకటి ఎవరూ చెప్పలేదు. ఊడిన ముక్కని తిప్పి వెనక చూడండి, ప్లాస్టిక్ రకం అచ్చు వేసి ఉంటుంది. పీపీ అని ఉంటే అది పాలీప్రొపిలీన్, దానికి టేపు నేరుగా పట్టదు. అడ్హెషన్ ప్రమోటర్, అంటే టేపు పట్టేలా చేసే పూత, రాసి, అది ఆరాక టేపు వెయ్యాలి. క్రోమ్ ముక్కలు చాలామటుకు ఏబీఎస్ అనే వేరే ప్లాస్టిక్, వాటికి ఇంత తిప్పలు లేదు.

ఫెవిక్విక్ పెట్టేవాళ్లకి ఒక దండం. అది గట్టిపడి పెళుసుగా అయిపోతుంది. డోరు ధనేల్మని వేసినప్పుడల్లా అదిరి పగులుతుంది, మళ్లీ తీస్తే రంగు దాంతో పాటే వచ్చేస్తుంది. సిలికాన్‌లో వెనిగర్‌లాగ పుల్లటి వాసన వచ్చే రకం కూడా రేకు మీద వాడకూడదు. ఆ ఆమ్లం ఇనుముని తింటుంది.

మయూరి జంక్షన్:
ఇంత కష్టం ఎందుకండీ, ఇన్సూరెన్స్ ఉంది కదా.

కళింగపట్నం లైట్‌హౌస్:
బీడింగుకి క్లెయిమేటి? నో క్లెయిమ్ బోనస్ పోదా?

మయూరి జంక్షన్:
పోతుంది, ఒప్పుకుంటాను. మొదటి ఏడాది క్లెయిము లేకపోతే సొంత బండి నష్టానికి కట్టే ప్రీమియంలో 20 శాతం తగ్గింపు, అలా పెరుగుతూ అయిదేళ్లకి 50 శాతం. నేను చెప్పేది బంపరూ డోరూ కలిసి పోయినప్పుడు. జీరో డిప్ (సామాను పాతబడిందని ధర కొయ్యని కవరు) లేని మామూలు పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు సామాన్లకి సగం ధరే ఇస్తారు. దాని మీద తప్పనిసరి కోత 1500 సీసీ లోపు బండికి 1000 రూపాయలు, ఆ పైన 2000. ఒక్క బీడింగ్ అయితే నిజంగానే గిట్టదు.

రాజాం రోడ్డు:
అసలు ఆటోలు తగలకుండా ముందూ వెనకా ఇనుప గార్డులు వేయించుకుంటే ఈ గొడవే ఉండదు. నా బొలేరోకి వేయించాను, ఇప్పటికి ఒక్క ప్లాస్టిక్ ముక్క పోలేదు.

మయూరి జంక్షన్:
అవి వెయ్యకూడదండీ. 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ అన్ని రాష్ట్రాలకీ ఉత్తరం రాసింది, క్రాష్ గార్డులు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌కి విరుద్ధమని. ఎయిర్ బ్యాగ్ సెన్సార్ల పని కూడా దెబ్బతింటుంది. ఎదురుగా నడిచేవాడికి ఆ ఇనుము తగిలితే ఏమవుతుందో ఆలోచించండి.

రాజాం రోడ్డు:
రోడ్డు మీద నూటికి సగం బండ్లకి ఉన్నాయి, నాకే చెప్తారేటి?

సాలూరు బాడీ వర్క్స్:
మీకే చెప్తున్నారు, ఎందుకంటే మీరే రాశారు. గార్డు బిగించిన చోట దెబ్బ నేరుగా ఛాసిస్‌కి పోతుంది. అలాంటి బండ్లు మా షెడ్డుకి వచ్చినప్పుడు బంపరు బాగుంటుంది, లోపల ఛాసిస్ వంకర. అది సరిచేయించే ఖర్చుకి బీడింగులు ఎన్ని కొనుక్కోవచ్చో!

నాగావళి గట్టు:
నా క్లిప్పుల మాట ఎవరూ ఎత్తలేదు. క్లాడింగ్ తీశాను. లైట్‌హౌస్ చెప్పినట్టే ఇసక ఉంది, తుప్పు ఇంకా మొదలవలేదు. తీస్తుంటే క్లిప్పుల తలలు విరిగి కొన్ని కన్నంలోనే ఉండిపోయాయి.

బొబ్బిలి వీణ:
విరగడం మామూలే, వాటిని ఒక్కసారి వాడేవి అనుకోవాలి. పాతవి మళ్లీ నొక్కితే పట్టినట్టే ఉంటాయి, హైవే మీద గాలికి గడగడమంటాయి. కంపెనీ కౌంటర్లో ఛాసిస్ నంబరు చెబితే మీ మోడల్‌కి సరిపోయేవే తీసి ఇస్తారు, విడిగానే అమ్ముతారు. నాలుగు ఎక్కువ తెచ్చుకోండి. బయట షాపులో అయితే పాత క్లిప్పు చేత్తో పట్టుకెళ్లి కాడ లావు, తల వెడల్పు పోల్చి చూడండి, కళ్లకి ఒకేలా ఉన్నవి కన్నంలో వదులుగా ఆడతాయి. ఇరుక్కున్న తలల్ని నోస్ ప్లయర్‌తో తిప్పి లాగండి, లోపలికి తొయ్యకండి.

రంగు మీద మాత్రం జాగ్రత్త. బండి రంగులో ఉండే బీడింగ్ అయితే చాలా మోడళ్లకి ప్రైమరు వేసిందే వస్తుంది, బండి మీద కంపెనీ వేసిన వివరాల ప్లేటులో రంగు కోడ్ చూసి వేయించుకోవాలి. ఆ రంగు బాగా ఆరకుండా టేపు వెయ్యొద్దు.

నాగావళి గట్టు:
నాది నలుపే, రంగు అక్కర్లేదు. టేపు ఎండకి ఆగుతుందా?

బొబ్బిలి వీణ:
త్రీఎం వీహెచ్‌బీ లాంటి మంచి టేపు అయితే ఆగుతుంది. అంటించేటప్పుడు రేకు 21 నుంచి 38 డిగ్రీల మధ్య ఉండాలంటారు, కాబట్టి పొద్దున్నే, నీడలో. వెనక డోరు బీడింగ్‌కి వరసగా ముందు డోరు మీద మాస్కింగ్ టేపు గీతలా వేసుకోండి. టేపు మీదుండే ఎర్ర కాగితం అంతా ఒకేసారి ఒలవకండి. రెండు చివర్లా బెత్తెడు ఒలిచి బయటికి మడిచి, బీడింగ్ గీతకి ఆనించి, సరిగ్గా ఉందనుకున్నాక ఆ కాగితాన్ని మెల్లగా లాగుతూ అరచేత్తో గట్టిగా ఒత్తుకుంటూ పోవాలి. ఒకసారి పట్టాక జరపలేరు. ఇరవై నిమిషాల్లో సగం బలం వస్తుంది, ఒక రోజుకి తొంభై శాతం, పూర్తి బలానికి 72 గంటలు. అంతవరకూ ప్రెషర్ వాష్ వద్దు.

రాజాం రోడ్డు:
తెల్లబోయిన పాత క్లాడింగ్‌కి కొబ్బరి నూనె రాస్తే నల్లగా అయిపోతుంది, కొత్తది కొనక్కర్లేదు.

కళింగపట్నం లైట్‌హౌస్:
సాయంత్రానికి దుమ్మంతా దానికే. ఊడిపోయినదానికి నూనె రాస్తే అంటుకుంటాదేటి?

పలాస పప్పు:
నూనె గురించి రాయొచ్చు గానీ కిరసనాయిలు అంటే అందరూ మీద పడతారు. ఎవరైనా కాశీబుగ్గ రండి, నా బీడింగ్ గోరుతో లాగి చూడండి.

బొబ్బిలి వీణ:
పలాస పనుంది, తప్పకుండా వస్తాను. క్లిప్పులతో పట్టిన ముక్క కాదు, టేపు మీదున్నదే చూపించాలి.