రెండు బిల్లు విండోలు, ఒకే జేటేబుల్ డేటా: స్టాటిక్ తీసేస్తే సరిపోతుందా?

బిల్లుబాబు:
ఎరువుల షాపుకి జావా స్వింగ్‌లో (విండోలు, బటన్లు చూపే లైబ్రరీ) బిల్లింగ్ ప్రోగ్రామ్ రాస్తున్నాను. బిల్లు గడులు చూపేది జేటేబుల్, అంటే స్వింగ్‌లోని పట్టిక. ఒక రైతు బిల్లు సగంలో ఉండగా ఇంకొకరు వస్తే రెండో విండో తెరవాలి. తెరుచుకుంటోంది. కానీ మొదటి బిల్లులో యూరియా 12 బస్తాలని కొడితే రెండో బిల్లులోనూ 12 వస్తోంది. అదీ వెంటనే కాదు, ఆ గడి మీద క్లిక్ చేశాకే. నిన్న షాపాయన ముందే ఇలా అయింది, పరువు పోయింది. మోడల్ (టేబుల్‌కి డేటా అందించేది) క్లాసులో డేటా అర్రే (విలువల వరస) స్టాటిక్‌గా ఉంది. తప్పు అదేనా?

పాతకాపు:
అదే. స్టాటిక్ ఎందుకు పెట్టారో చెప్పనా? మెయిన్ నుంచి వాడబోతే కంపైలర్ ఒప్పుకోలేదు, స్టాటిక్ తగిలించారు, ఎర్రర్ పోయింది. మేమంతా ఆ దారిన వచ్చినవాళ్లమే లెండి. స్టాటిక్ అంటే క్లాసు మొత్తానికి ఒక్కటే. మోడళ్లు ఎన్ని చేసినా అన్నీ తినేది ఒకే కంచంలో. ఇక ఆలస్యం సంగతి: గడి మారిందని చెప్పే ఫైర్‌టేబుల్‌సెల్‌అప్‌డేటెడ్ కబురు ఆ మోడల్‌కి లిజనర్లుగా (కబురు వినేవాటిగా) ఉన్నవాటికే వెళ్తుంది. రెండో విండోది వేరే మోడల్, దానికి కబురు అందదు. అడుగున డేటా మారిపోయినా, గడిని మళ్లీ గీసినప్పుడే బయటపడుతుంది. మీ క్లిక్ చేసిన పని అదే.

బిల్లుబాబు:
కంపైలర్ సంగతి అక్షరాలా నిజం సార్. ఇప్పుడు స్టాటిక్ తీసేసి, ఖాళీ బిల్లు నమూనా అర్రేని ప్రతి విండోకీ క్లోన్ (నకలు) చేసి ఇచ్చాను. అయినా 12 వస్తోంది!

గోదారిగట్టు:
నాకో రాత్రంతా తినేసింది ఈ క్లోన్. రెండు డైమెన్షన్ల అర్రేని క్లోన్ చేస్తే పైది మాత్రమే కొత్తది, లోపలి వరసలు పాతవే. లూప్ పెట్టి ఒక్కో వరసనీ విడిగా క్లోన్ చేయండి. ఇంకో తిరకాసు: స్వింగ్ తయారుగా ఇచ్చే డీఫాల్ట్‌టేబుల్‌మోడల్‌కి అర్రే ఇస్తే వెక్టర్లలోకి (సైజు పెరగగల జాబితాల్లోకి) కాపీ చేసుకుంటుంది, వెక్టరే ఇస్తే దాన్నే వాడుకుంటుంది. అర్రేని నేరుగా జేటేబుల్ కన్‌స్ట్రక్టర్‌కి (టేబుల్‌ని తయారుచేసే కోడ్‌కి) ఇచ్చారా, కాపీ ఉండదు. మీరు గడిలో కొట్టింది మీ అర్రేలోకే వెళ్తుంది.

సీతాఫలం:
పంచుకోవడమే తప్పని అనుకోకండి తమ్ముడూ. స్టాక్ జాబితా అన్ని విండోల్లోనూ ఒకటే ఉండాలిగా? అక్కడ ఒకే మోడల్ ఆబ్జెక్ట్‌ని అన్ని టేబుళ్లకీ ఇవ్వండి, కబురు అందరికీ వెళ్తుంది. కాకపోతే నేను ఆ మోడల్‌ని స్టాటిక్‌లో పెట్టి దెబ్బతిన్నాను. పొద్దున తెరిచిన ప్రోగ్రామ్ సాయంత్రానికి ఈడ్చుకుంటూ నడిచేది. హీప్ డంప్ (మెమరీలో ఏమేం ఉన్నాయో చూపే నకలు) తీసి చూస్తే, ఎప్పుడో మూసేసిన విండోలన్నీ బతికే ఉన్నాయి! మోడల్ లిజనర్ల జాబితాలో టేబుల్ ఉంటుంది, టేబుల్ తన విండోని పట్టుకుని ఉంటుంది. మూసేటప్పుడు టేబుల్‌కి కొత్త ఖాళీ మోడల్ సెట్ చేస్తే, పాత మోడల్ జాబితాలోంచి అది తప్పుకుంటుంది.

బిల్లుబాబు:
వరసలు విడిగా క్లోన్ చేశాను. ఒక బిల్లులో 12, రెండోది ఖాళీ. హమ్మయ్య! స్టాక్ కూడా రెండు విండోల్లో ఒకేసారి తగ్గుతోంది అక్కా. ఇప్పుడు కొత్త టెన్షన్: స్టాక్ తక్కువున్న వరసకి ఎరుపు వేస్తే దాని కిందవన్నీ ఎర్రబడ్డాయి. ఇదీ స్టాటికేనా?

పాతకాపు:
కాదు, దాని పిన్ని కొడుకు. గడులన్నిటికీ రెండరర్ (గడిని గీసేది) ఒక్కటే, వేసిన రంగు దాని మీద అలాగే ఉండిపోతుంది. ఇఫ్‌లో ఎరుపు రాసి ఎల్స్ మర్చిపోయి ఉంటారు. అక్కడ తెలుపు పెట్టి చూడండి.