చెక్క బ్లాకు పెద్దక్షరాలు: పుస్తకంలో భాగమా, ప్రెస్సు సామానా?

పాతకాగితం:
పాత ఇంగ్లిష్ చరిత్ర పుస్తకాలను మేం నలుగురం ఈ-బుక్కులుగా చేస్తున్నాం. బొమ్మలు ఉంచుతున్నాం. గొడవంతా అధ్యాయం మొదట్లో ఐదారు పంక్తుల ఎత్తున, పూలతీగలతో ఉండే చెక్క బ్లాకు (అచ్చు కోసం బొమ్మ చెక్కిన చెక్కముక్క) అక్షరాల దగ్గరే. తీసేసి మామూలు అక్షరం పెడదామంటాను. అవి ప్రెస్సువాడి పెట్టెలోవి, ఈ పుస్తకంలో వాడినదే ఇంకో పుస్తకంలోనూ వాడతాడు. రచయితకు వాటితో ఏం పని?

సీసపుటక్షరం:
అంత తొందరెందుకండీ? 1563లో లండన్‌లో జాన్ డే అచ్చేసిన జాన్ ఫాక్స్ రాసిన ‘యాక్ట్స్ అండ్ మాన్యుమెంట్స్’ చూడండి, పోప్‌ను ఎదిరించిన ప్రొటెస్టెంట్ల వైపు నుంచి రాసిన క్రైస్తవ చరిత్ర అది. మొదటి ఎలిజబెత్ రాణికి ఇచ్చిన అంకితం ‘కాన్‌స్టంటైన్’ అన్న రోమన్ చక్రవర్తి పేరుతో మొదలవుతుంది. ఆ ‘సి’ కడుపులో సింహాసనం మీద రాణి, పక్కన ముగ్గురు మగవాళ్లు, కాళ్ల కింద విరిగిన తాళంచెవులతో రోమ్ మతగురువు పోప్! క్రైస్తవులను ఆదుకున్న చక్రవర్తి చోట రాణిని కూర్చోబెట్టారన్నమాట. ఫాక్స్ పేజీలకొద్దీ వాదించింది ఆ ఒక్క అక్షరంలో ఉంది. అదీ ప్రెస్సు సామానేనా?

పాతకాగితం:
మంచి ఉదాహరణే, కానీ నా వైపే పనికొస్తుంది. 1570 ముద్రణలో అంకితం మారి ‘క్రైస్ట్’తో మొదలైంది. బ్లాకు మాత్రం అదే. డబ్బుపెట్టి చెక్కించింది ఎవరు పారేస్తారు?

గోదారిగట్టు:
లేదా ఆ బ్లాకు కోసమే ‘సి’తో మొదలయ్యే మాట వెతికారేమో! నా ఊహే లెండి. అయినా మళ్లీ వాడితే విలువ పోతుందా? 1493లో నూరెంబర్గ్‌లో ఆంటోన్ కోబెర్గర్ అచ్చేసిన, హార్ట్‌మన్ షెడెల్ రాసిన ప్రపంచ చరిత్రలో బొమ్మలు 1,800 పైచిలుకు, బ్లాకులు 645. ఒకే కోట పేరు మార్చుకుని ఇంకో ఊరవుతుంది, ఒకే ముఖం ఇంకో రాజుదవుతుంది. అలాంటి బొమ్మలు ఉంచి అక్షరాలు తీసేయడం ఏం న్యాయం?

ట్రెడిల్‌మెకానిక్:
ప్రెస్సులో పెరిగినవాణ్ణి, పనిమాట చెప్తా. చెక్క బ్లాకు ఎత్తు టైపు (సీసపు అచ్చక్షరాలు) ఎత్తే. రెండూ కలిపి బిగిస్తే ఒకే దెబ్బకు అచ్చు పడుతుంది. రాగిరేకు మీద చెక్కితే సిరా గుంటల్లో ఉంటుంది కాబట్టి దానికి వేరే ప్రెస్సు కావాలి, కాగితం రెండుసార్లు పోవాలి. చెక్కతో వచ్చే చిక్కేమిటంటే వాడేకొద్దీ పగులుతుంది, అంచు చిట్లుతుంది, పురుగు తొలుస్తుంది. సంవత్సరం వేయని పుస్తకాల్లో ఆ పగులు ఎంత పెరిగిందో చూసి ఏది ముందో, ఏది వెనకో పట్టేస్తారు. మీరు తీసేసేది ఆ ఆనవాలునే.

(మన తెలుగులో పెద్దక్షరం పెట్టడం ఇంకో టెన్షన్. ‘స్త్రీ’తో మొదలైతే కింది వత్తులు రెండు పంక్తులు మింగేస్తాయి.)

పాతకాగితం:
పగుళ్ల సంగతి నాకు తట్టలేదు. కానీ నా కష్టం వినండి. అక్షరం బొమ్మగా పెడితే ఫోన్ ‘ఆన్‌స్టంటైన్’ అని చదువుతోంది. వెతికితే పేరు దొరకదు.

గోదారిగట్టు:
బొమ్మ వెనక మామూలు ‘సి’ దాచండి. చదివే సాఫ్ట్‌వేర్‌కు అది, కంటికి ఇది.

పాతకాగితం:
సరే, రాణిగారి ‘సి’ ఉంచుతా. పూలతీగల ‘టి’లకు మాత్రం ఒప్పుకోను.

ట్రెడిల్‌మెకానిక్:
ఆ ‘టి’కి పగులుందా? ముందు అది చూసి చెప్పండి.